పొత్తికడుపును తీర్చిదిద్దు శస్త్రచికిత్స : నూరేండ్ల పాఠములు

ప్రసవముల వలన గాని, మిక్కిలి పెరిగిన బరువు తగ్గుట వలన గాని పొత్తికడుపు మీది చర్మము సడలి, మడతగా క్రిందికి వ్రేలాడుట పలువురిలో కనిపించు విషయమే. ఆ మడతను కోసి తీసివేసి, లోపలి గోడను బిగించి, పొట్టను తీర్చిదిద్దు శస్త్రచికిత్స ఇప్పుడు ప్రపంచమంతటను జరుగుచున్నది; హైదరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలోని ఆసుపత్రులలోను జరుగుచున్నది. దీనికి సిద్ధపడిన రోగికి వైద్యులు కొన్ని నియమములు చెప్పుదురు. నెల దినములు ముందుగనే పొగాకు మానవలెను. శస్త్రచికిత్స జరిగిన నాడో, మరునాడో లేచి నాలుగడుగులు వేయవలెను. కాని ఒక వారము వరకు నడుము నిటారుగా నిలుపరాదు. ప్రక్కన ఒక సన్నని గొట్టము, దాని కొసను చిన్న సీసా కొన్నాళ్ళు వ్రేలాడుచుండవచ్చును. దీనివలన బరువు తగ్గునని మాత్రము ఆశింపరాదు.

వినువారికి ఈ నియమములు వింతగా తోచును. కాని వీనిలో ప్రతిదాని వెనుకను ఒక కాలపు అనుభవము కలదు. కొన్నిటి వెనుక రోగుల ప్రాణనష్టమును కలదు. ఆ అనుభవములు ఏ విధముగ కలిగినవో తెలిసికొన్నచో, ఈ చికిత్స వలన ఏమి ఆశింపవచ్చునో, ఏమి ఆశింపరాదో తేటపడును.

పొట్ట అనగా నేమి?

"పొట్ట పెరిగినది" అను ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు ఇమిడియున్నవి. మొదటిది చర్మము. రెండవది దాని అడుగున నుండు క్రొవ్వుపొర. మూడవది కండరములతో ఏర్పడిన గోడ. నాల్గవది ఆ గోడకు లోపల, ప్రేగుల చుట్టును పేరుకొను క్రొవ్వు.

పొట్ట ముందుభాగమున ప్రక్కటెముకల నుండి కటి ఎముక వరకు రెండు పొడవైన కండరములు పట్టెడలవలె నిలువుగా దిగియుండును. నడుమ ఒక తెల్లని నారపట్టీ ఆ రెంటిని కలిపియుంచును. గర్భము పెరుగుచున్నకొలది ఆ పట్టీ వెడల్పగును, కండరములు ఎడమగును. తెలుగు ఇండ్లలో బాలింతకు నడుమున గుడ్డతో కట్టు కట్టుట పూర్వాచారము. సడలిన గోడకు ఆ కట్టు ఆసరా ఇచ్చును. పలువురిలో కొన్ని మాసములకు కండరములు తిరిగి దగ్గరకు వచ్చును. కొందరిలో ఎడము అట్లే నిలిచిపోవును. అప్పుడు ఏ కట్టును దానిని పూర్తిగా పూడ్చజాలదు. చర్మములోని సాగుడు పోగులు తెగినప్పుడు వ్యాయామము కండరమును బలపరచును గాని, చర్మమును కురచ చేయజాలదు.

శస్త్రవైద్యుని కత్తికి అందునవి మొదటి మూడును మాత్రమే. నాల్గవదానిని, అనగా లోపలి క్రొవ్వును, ఈ చికిత్స ముట్టదు. వెల్లకిల పరుండినప్పుడు పొట్ట అణగి, చర్మము చేతికి మడతగా చిక్కినచో అధికభాగము పైపొరలదే అని వైద్యులు స్థూలముగా గ్రహింతురు. పరుండినను పొట్ట గుండ్రముగా లేచియే యున్నచో అది లోపలి క్రొవ్వు. దానికి ఆహారనియమము, నడక, అవసరమైనచో మందులు తప్ప కోతతో పని లేదు. ఈ భేదము తేటపడుటకే వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

ప్రాచీనకాలపు ప్రస్తావనలు

క్రొవ్వును కోసి తీయవచ్చునను ఊహ చాల ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను పండితుడు ప్లినీ, అప్రోనియసు అను కాన్సలు కుమారునికి మోయరాని దేహభారము తగ్గుటకై క్రొవ్వు తీసివేయబడినదని తన ప్రకృతి చరిత్రలో వ్రాసెను. యూదుల తాల్ముదు గ్రంథమున ఎలియాజరు అను ఆచార్యుని గాథ కలదు. ఆయనకు నిద్రమందు త్రాగించి, పాలరాతి ఇంటిలోనికి కొనిపోయి, పొట్ట కోసి, బుట్టల కొలది క్రొవ్వు తీసిరని ఆ గాథ. అది చరిత్ర కాకపోవచ్చును. కాని నొప్పి తెలియకుండుటకు మందును, శుభ్రమైన గదియు కావలెనని ఆ కథకులు ఊహించుట గమనింపదగినది.

భారతదేశమున చరకసంహిత అతిస్థూలుని లక్షణములు చెప్పుచు, పొట్ట, పిరుదులు, రొమ్ము వ్రేలాడి కదలుటను పేర్కొన్నది. అందు చెప్పిన చికిత్స ఆహారనియమము, వ్యాయామము, ఔషధములే గాని కోత కాదు. ఆ కాలమునకు అదియే వివేకము. విశాలమైన గాయము చేసినచో నొప్పి చేతనో, చీము చేతనో రోగి బ్రదుకుట దుర్లభమై యుండెడిది.

ఈ రెండు అడ్డంకులును పందొమ్మిదవ శతాబ్దమున తొలగినవి. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి నొప్పి తెలియని శస్త్రచికిత్సను బహిరంగముగా చూపించెను. 1867లో బ్రిటిషు వైద్యుడు జోసెఫ్ లిస్టరు కార్బాలికు ఆమ్లముతో గాయములలో చీము పట్టకుండ చేయు పద్ధతిని ప్రకటించెను. ఆ తరువాతనే పొట్ట గోడపై నిదానముగ పనిచేయుటకు వైద్యులకు వ్యవధియు, ధైర్యమును చిక్కినవి.

హెర్నియాతో ఆరంభము

ఈ చికిత్స సౌందర్యము కొఱకు పుట్టలేదు. 1890లో ఫ్రాన్సు దేశమున డెమార్సు, మార్క్సు అను వైద్యులు హెర్నియాను, అనగా పొట్ట గోడలోని సందు గుండ ప్రేగు వెలికి పొడుచుకొని వచ్చుటను, సరిచేయుచు అచటి చర్మమును క్రొవ్వును కొంత తీసివేసిరి. 1899లో అమెరికాలోని జాన్సు హాప్కిన్సు ఆసుపత్రియందు స్త్రీరోగ వైద్యుడు హోవార్డు కెల్లీ కేవలము క్రొవ్వుమడతనే ఉద్దేశించి శస్త్రచికిత్స చేసెను. పొట్ట మీద అడ్డముగా కోసి తీసిన ఆ ఖండము 90 సెంటీమీటర్ల పొడవు, 31 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల మందము కలిగి 7,450 గ్రాములు తూగెను. ఏడున్నర కిలోల మూటను నడుమునకు కట్టుకొని పగలు రేయి తిరుగు మనుజుని ఊహించినచో ఆ రోగి బాధ బోధపడును. మడత క్రింద చర్మము చెమటతో నాని, ఒరసికొని, పుండ్లు పడును, బూజుజాతి సూక్ష్మజీవులు చేరును, నడక కష్టమగును.

కెల్లీ కోతలో బొడ్డు కూడ తీసివేయబడినది. పుట్టిన పిమ్మట బొడ్డునకు దేహములో ఏ పనియు లేదు. అయినను బొడ్డు లేని పొట్టను చూచుకొన్న వ్యక్తికి తన దేహము తనది కానట్లు తోచును. 1905లో ఫ్రాన్సున గోదే, మోరెస్తాన్ అను వైద్యులు పెద్ద బొడ్డు హెర్నియాలను సరిచేయుచు, మిగులు చర్మమును తీసివేసియు బొడ్డును నిలుపవచ్చునని చూపిరి. వ్యాధిని తొలగించుటయే కాక, దేహము యథారూపమున నుండవలెననునది కూడ వైద్యుని బాధ్యతయని ఆనాటి నుండి అంగీకృతమాయెను.

గాటు ఎచ్చట నుండవలెను?

తరువాతి యేబదియేండ్లు వైద్యులు గాటు విషయమున పలు విధములు ప్రయత్నించిరి. 1909లో జర్మనీలో వైన్‌హోల్డు మూడు రేకుల ఆకు ఆకారమున కోసెను. 1916లో అమెరికాలో బాబ్‌కాకు నిలువుగా కోసెను. 1924లో షికాగోలోని మాక్సు థోరెకు బొడ్డు క్రింద అడ్డముగా కోయు పద్ధతిని వివరించెను.

ఏ గాటు మేలైనది? దీనికి సమాధానములో కొంతభాగము అంతకుముందే లభించియుండెను. 1861లో వియన్నా నగరమున శరీరశాస్త్రజ్ఞుడు కార్లు లాంగరు గుండ్రని మొనగల పరికరముతో మృతదేహముల చర్మమును పొడిచి చూచెను. రంధ్రములు గుండ్రముగా నుండక, చీలికలై ఒక క్రమములో నిలిచినవి. చర్మము ఎల్లయెడల ఒకే దిక్కునకు లాగబడి యుండదనియు, ప్రతి స్థలమునకును ఒక సహజమైన ఈడ్పు దిశ కలదనియు దానివలన తెలిసినది. పొట్ట మీద ఆ రేఖలు మిక్కిలిగ అడ్డముగా నుండును. వాని వెంట కోసినచో మచ్చ సన్నమగును. వానికి అడ్డముగ కోసినచో మచ్చ వెడల్పగును.

1957లో అమెరికా వైద్యుడు వెర్నను ప్రకటించిన పద్ధతి ఇప్పటి చికిత్సకు మూలరూపమని చెప్పవచ్చును. గాటు పొత్తికడుపు అడుగున అడ్డముగా నుండును. అక్కడి నుండి చర్మమును క్రొవ్వుతో సహా కండరపు గోడ నుండి విడదీయుచు ప్రక్కటెముకల వరకు పోవుదురు. బొడ్డును దాని కాడతో లోపలనే నిలిపి చుట్టును కోయుదురు. తరువాత పై చర్మమును తెరవలె క్రిందికి లాగి, మిగిలిన దానిని కత్తిరించి, బొడ్డు వెలికి వచ్చుటకు క్రొత్త రంధ్రము చేసి కుట్టుదురు. 1960వ దశకమున బ్రెజిలు వైద్యులు దీనిని మరింత మెరుగుపరచిరి. రియో నగరమునకు చెందిన ఇవో పిటాంగీ వరుసగా 300 మంది రోగులలో తన అనుభవమును 1967లో ప్రకటించెను. ఎడమైన కండరములను నడుమకు తెచ్చి, వాని పైపొరను మడిచి కుట్టుట ఆయన పద్ధతిలో ముఖ్యభాగము.

గాటు ఇంకను క్రిందికి దిగుటకు కారణము వస్త్రధారణము. 1970 ప్రాంతమున పాశ్చాత్యస్త్రీలు ధరించు కురచ స్నానవస్త్రముల అంచు క్రింద మచ్చ దాగవలెనని వైద్యులు రేఖను మార్చిరి. చీర కట్టు స్త్రీలకును ఇది అనుకూలమే. నడుము కొంత కనిపించినను, లంగా బొందు ముడికి చాల దిగువనుండు మచ్చ వెలికి కనిపించదు. ప్రసవకాలపు సిజేరియను మచ్చ అడ్డముగా నున్నచో, అది కూడ తరచుగ తీసివేయు చర్మములోనే పోవును.

అయినను ఒక సత్యము మారలేదు. మచ్చ దాగును గాని మాయము కాదు. పూర్తి చికిత్సలో అది ఒక తుంటి ఎముక నుండి రెండవ తుంటి వరకు సాగును. మొదటి నెలలలో ఎఱ్ఱగా, గట్టిగా నుండి, ఏడాది గడచునప్పటికి పలువురిలో పలుచబడును. చామనచాయ, నలుపు చర్మము గల వారిలో మచ్చ నల్లబడుట, ఉబ్బెత్తుగ పెరుగుట హెచ్చు. వెనుకటి గాయములు అట్లు ఉబ్బిన వారు ఆ విషయమును ముందుగనే వైద్యునికి చెప్పవలెను.

వంగి నడచుటకు కారణమును ఇందే కలదు. పై చర్మము క్రిందికి లాగి కుట్టబడినది. వెంటనే నిటారుగా నిలిచినచో ఆ లాగుడంతయు కుట్ల మీద పడును. అందుచేతనే మొదటి దినములలో మోకాళ్ళ క్రింద దిండ్లు పెట్టి పరుండవలెననియు, కొంచెము వంగి నడువవలెననియు చెప్పుదురు. చర్మము క్రమముగ సాగి, ఒకటి రెండు వారములలో నడుము నిలబడును.

కాలువలు మూసిన పొలము

విడదీసిన చర్మము బ్రదుకుటకు రక్తము కావలెను. కొందరు రోగులలో కుట్లకు పైన, నడుమ భాగమున చర్మము నల్లబడి చచ్చిపోవుట వైద్యులను చిరకాలము కలవరపెట్టినది. 1979లో అమెరికా వైద్యుడు హ్యూగరు పొట్ట గోడకు వచ్చు రక్తనాళములను మూడు మండలములుగా విభజించి దీని కారణమును తేటపరచెను. నడుమ భాగమునకు కండరముల గుండ వచ్చు నాళములు, అడుగు భాగమునకు తొడ మొదటి నుండి ఎక్కు నాళములు, ప్రక్కలకు ప్రక్కటెముకల నడుమ నుండియు నడుము నుండియు వచ్చు నాళములు రక్తము నిచ్చును. ఈ శస్త్రచికిత్సలో మొదటి రెండు మార్గములలో అధికభాగము తెగిపోవును. మిగిలిన చర్మము ప్రక్కల నుండి వచ్చు రక్తము మీదనే ఆధారపడవలెను. పెద్ద కాలువలు మూసి, గట్ల ప్రక్కనున్న పిల్లకాలువలతో పొలమంతయు తడుపుట వంటిది ఇది. గట్టునకు దూరముగ నున్న మడి ముందుగ ఎండును.

పొగాకు మానవలెనను కఠిననియమము ఇందుండి పుట్టినది. పొగాకులోని నికొటిను సన్నని రక్తనాళములను కుంచింపజేయును. పొగలోని విషవాయువు రక్తములోని ప్రాణవాయువును తగ్గించును. ఉన్న పిల్లకాలువలును పూడినచో చర్మము నిలువదు. చుట్ట, బీడి, సిగరెట్టులే గాక నమలు పొగాకును నికొటినునే ఇచ్చును. వీనిని కనీసము నాలుగు వారములు ముందును, నాలుగు వారములు తరువాతను మానవలెనని వైద్యులు కోరుదురు. ప్రక్కటెముకల క్రింద పిత్తాశయపు శస్త్రచికిత్స మచ్చ వంటి పాత మచ్చలున్నచో అవియు కొంత రక్తమార్గమును అడ్డును. అప్పుడు చర్మమును తక్కువగా విడదీయుట క్షేమకరము.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము

కాళ్ళలోని లోతైన సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ తెగి, ప్రవాహములో కొట్టుకొనిపోయి ఊపిరితిత్తుల నాళమును మూయవచ్చునని జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫు విర్కో పందొమ్మిదవ శతాబ్దపు నడుమనే నిరూపించెను. ఆ కాలమున శస్త్రచికిత్సానంతరము రోగిని వారముల కొలది మంచము మీదనే ఉంచెడివారు. విశ్రాంతి వలన గాయము మానునని నమ్మిరి. ఆ విశ్రాంతియే సిరలలో రక్తమును నిలువజేసి గడ్డలకు కారణమగుచుండెను.

పొత్తికడుపు చికిత్సలో ఈ ముప్పు మరికొంత హెచ్చు. గోడను బిగించుటచే పొట్టలో ఒత్తిడి పెరిగి, కాళ్ళ నుండి గుండెకు పోవు రక్తపు వేగము తగ్గును. కోత పెద్దది, చికిత్సకు రెండు నుండి నాలుగు గంటలు పట్టును, రోగి కొన్నాళ్ళు వంగియే యుండును. 1977లో గ్రేజరు, గోల్డ్విను అను అమెరికా వైద్యులు తోటి శస్త్రవైద్యులకు ప్రశ్నావళులు పంపి, 10,490 చికిత్సల ఫలితములను సేకరించి ప్రకటించిరి. వారిలో నూటికి 1.1 మందికి కాలిసిరలలో గడ్డలును, నూటికి 0.8 మందికి ఊపిరితిత్తులలో అడ్డును ఏర్పడెను. మరణములును సంభవించినవి. రూపము కొఱకు ఆరోగ్యవంతులు కోరి చేయించుకొను చికిత్సలో ఇవి స్వల్పసంఖ్యలు కావు. తమ వృత్తిలోని నష్టములను తామే లెక్కించి వెల్లడించుట ఆ వైద్యుల గొప్పతనము.

అటు పిమ్మట జాగ్రత్తలు పెరిగినవి. ఇప్పుడు రోగి వయస్సు, బరువు, వంశములో గడ్డల చరిత్ర, గర్భనిరోధక మాత్రల వాడుక మున్నగువానిని లెక్కించి ముప్పును ముందుగ అంచనా వేయుదురు. చికిత్స జరుగుచుండగా పిక్కలను వంతులవారీగా నొక్కి వదలు గాలితొడుగులు వేయుదురు. ముప్పు హెచ్చుగా నున్న వారికి రక్తము గడ్డకట్టకుండ హెపారిను జాతి మందు ఇత్తురు. ఆ హెపారినును 1916లో జే మెక్లీను అను విద్యార్థి కనుగొనినది, కెల్లీ పనిచేసిన జాన్సు హాప్కిన్సు సంస్థయందే యగుట విశేషము. వీని అన్నిటికిని తోడుగా, త్వరగా లేచి నడువవలెను. నొప్పి యున్నను నాలుగడుగులు వేయుమని దాది పట్టుబట్టుట నిర్దయ కాదు, అది ప్రాణరక్ష. ఇంటికి పోయిన తరువాత ఒక పిక్క వాచి నొప్పి పెట్టినను, ఊపిరి ఆడకపోయినను, ఎదలో పోటు వచ్చినను మరునాటికి వాయిదా వేయక తక్షణము ఆసుపత్రికి పోవలెను.

గొట్టము, సీసా

విడదీసిన చర్మమునకును గోడకును నడుమ ఒక ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీలో పసుపు రంగు నీరు చేరును. ఈ చికిత్సలో తరచుగ కనిపించు చిక్కు ఇదియే. దానిని వెలికి తీయుటకే గొట్టము, సీసా. దినమునకు వచ్చు నీరు తగ్గిన పిమ్మట గొట్టమును తీసివేయుదురు. 1998లో బ్రెజిలునకు చెందిన బరౌదీ, ఫెర్రేరా అను వారును, 2000లో అమెరికాకు చెందిన పోలకు అను వైద్యులును చర్మపు అడుగుభాగమును గోడకు అక్కడక్కడ కుట్లు వేసి అతికించు పద్ధతులను ప్రకటించిరి. బొంతకు అడ్డకుట్లు వేసినప్పుడు గుడ్డలు విడిపోనట్లే, పొరలు అంటియుండి నీరు చేరుటకు చోటుండదు. ఈ కుట్లు వేయు కొందరు వైద్యులు గొట్టము లేకయే పని ముగింతురు. బిగుతైన పట్టీని కొన్ని వారములు ధరింపజేయుటకు ఒక కారణము వాపు తగ్గించుట. పొరలు కదలకుండ చూచుట రెండవది.

క్రొవ్వును పీల్చుట – బరువను భ్రమ

కోయకయే క్రొవ్వు తీయవలెనను ప్రయత్నము 1920వ దశకముననే జరిగినది. పారిసులో దుజారియే అను శస్త్రవైద్యుడు ఒక నర్తకి కాలిలోని క్రొవ్వును గోకి తీయబోగా, రక్తనాళములు దెబ్బతిని, కాలే తీసివేయవలసి వచ్చినది. ఆ దుర్ఘటనతో వైద్యులు చిరకాలము ఆ దారిని విడిచిరి. 1970వ దశకమున రోములో ఫిషరులు, తండ్రీకొడుకులు, బోలుగొట్టముతో క్రొవ్వును పీల్చు పరికరమును కల్పించిరి. 1977 నుండి పారిసులో ఇలూజు మొద్దు మొనగల గొట్టముతో నాళములకు హాని తగ్గించెను. 1987లో కాలిఫోర్నియాకు చెందిన జెఫ్రీ క్లైను, మత్తుమందు కలిపిన ఉప్పునీటిని ముందుగ క్రొవ్వులోనికి ఎక్కించి రక్తస్రావమును మిక్కిలిగ తగ్గించు పద్ధతిని ప్రకటించెను.

దీనివలన చికిత్స రోగిని బట్టి మారుటకు వీలు కలిగినది. చర్మము బిగువుగా నుండి క్రొవ్వు మాత్రమే హెచ్చైనచో పీల్చుట చాలును. బొడ్డునకు దిగువన మాత్రమే సడలిన వారికి చిన్నగాటుతో, బొడ్డును కదల్పక చేయు పరిమిత చికిత్స చాలును. 1980వ దశకమున ఇది ప్రచారమునకు వచ్చినది. బొడ్డునకు పైనను సడలియున్నచో పూర్తి చికిత్స కావలెను. పుండ్లు పడు పెద్ద మడతతో బాధపడువారికి గోడను బిగింపక మడతను మాత్రమే తీసివేయు విధానము వేరుగ కలదు; అది కెల్లీ చేసిన దానికి దగ్గరి చుట్టము.

ఇన్ని క్రొవ్వులు తీసిన తరువాత మధుమేహము, రక్తపుపోటు తగ్గవా అను ప్రశ్న సహజమే. దీనికి సమాధానము 2004లో వచ్చినది. సెయింట్ లూయిసు నగరమున శామ్యూలు క్లైనును ఆయన సహచరులును స్థూలకాయులైన 15 మంది స్త్రీల పొట్ట నుండి సుమారు 10 కిలోల క్రొవ్వును పీల్చి తీసిరి. వారిలో 7గురికి మధుమేహము కలదు. పది, పండ్రెండు వారముల పిమ్మట పరీక్షింపగా ఇన్సులిను పనితీరులో గాని, రక్తపుపోటులో గాని, రక్తములోని క్రొవ్వులలో గాని చెప్పదగిన మేలు కనిపించలేదు. ఆహారము తగ్గించి నడచినవారు అంతకంటె తక్కువ బరువు తగ్గినను దేహమునకు మేలు కలుగును. తగ్గించుకొన్న క్రొవ్వు వేరు, తీయించుకొన్న క్రొవ్వు వేరు. మధుమేహము విస్తారముగ నున్న తెలుగు ప్రాంతములలో ఈ మాట మరువరానిది. లోపలి క్రొవ్వుతో గుండ్రమైన పొట్ట గలవారు ఈ చికిత్స వలన చక్కెర జబ్బు పోవునని ధనము వెచ్చించినచో నిరాశయే మిగులును.

కావుననే బరువు ముందు తగ్గి, ఆరు మాసములైనను నిలకడగ నున్న తరువాతనే ఈ చికిత్సకు పోవలెనని చెప్పుదురు. జీర్ణకోశమును కురచచేయు శస్త్రచికిత్స చేయించుకొన్న వారు ఏడాది, ఏడాదిన్నర ఆగవలెను. ఇంకను పిల్లలు కావలెనను స్త్రీలు కాన్పులు ముగియువరకు ఆగుట మేలు. చికిత్స తరువాత గర్భము ధరించుట నిషిద్ధము కాదు గాని, బిగించిన గోడ మరల సడలును.

రోగి ఎదురుచూడవలసినది

ఈ చరిత్ర నంతటిని కూర్చి చూచినచో రోగి అనుభవము వరుసగ కనిపించును. చికిత్స సాధారణముగ పూర్తి మత్తులో జరుగును. ఒకటి రెండు దినములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చును. నొప్పి చర్మములో కంటె బిగించిన కండరములలో హెచ్చుగా నుండును. దగ్గినను, నవ్వినను తెలియును. మొదటి వారము వంగిన నడక, గొట్టము, పరులసాయము. రెండు మూడు వారములకు కూర్చుండి చేయు పనులు చేసికొనవచ్చును. ఆరు వారముల వరకు బిందె మోయుట, పిల్లలనెత్తుట, బరువైన వ్యాయామము కూడదు. వాపు పూర్తిగ తీయుటకు కొన్ని మాసములు పట్టును. బొడ్డునకు దిగువన చర్మము మొద్దుబారియుండును; కొందరిలో కొంత తిమ్మిరి శాశ్వతముగ మిగులును. గర్భపు చారలలో తీసివేసిన చర్మము మీదివి పోవును. పై చర్మము మీదివి క్రిందికి దిగును గాని మాయము కావు. వేడినీళ్ళ సంచి, ఐసుగడ్డ మొద్దుబారిన చోట పెట్టినచో రోగికి తెలియకయే చర్మము కాలును. ఆ విషయమున జాగ్రత్త అవసరము.

ఈ చికిత్స వైద్యశాస్త్రమునకు మరియొక మేలును చేసినది. పారవేయుచున్న ఆ పొత్తికడుపు చర్మము, క్రొవ్వు మెత్తదనములో స్త్రీ రొమ్మును పోలియుండుట గమనించి, అట్లాంటా నగరవైద్యుడు హార్ట్రాంఫు దానిని ఒక కండరమునకు అంటియుండగనే పైకి త్రిప్పి, క్యాన్సరు వలన తీసివేసిన రొమ్ము స్థానమున అమర్చు విధానమును 1982లో ప్రకటించెను. 1989లో జపాను వైద్యుడు కొషిమా, కండరమును బలిచేయక సన్నని రక్తనాళముతో మాత్రమే ఆ ఖండమును తరలించు మార్గమును చూపెను. తరువాతి వైద్యులు దానిని రొమ్ము నిర్మాణమునకు వినియోగించిరి. ఒకనాడు వ్యర్థమనుకొన్నది ఇప్పుడు వేలాది స్త్రీలకు ఊరటయైనది.

కెల్లీ రోగి ఏడున్నర కిలోల భారము నుండి విముక్తి కోరినది. నేటి రోగి అద్దములో తన పూర్వరూపమును కోరుచుండవచ్చును. కోరిక ఏదైనను నియమములు ఒక్కటే. ఈ చికిత్స సడలిన చర్మమును తీయును, ఎడమైన గోడను కలుపును, దానికి వెలగా ఒక మచ్చను ఉంచును. అంతకుమించి వాగ్దానము చేయువారిని నమ్మకుండుటయే నూరేండ్లకు పైబడిన ఈ అనుభవము నేర్పిన పాఠము.